నీరసానికి సెలైనా?

మా రోజుల్లో నీరసానికి ఓ కారణం ఉండేది. పొద్దున్నించీ వంగి ఊడ్చిన మనిషికి నీరసం, టైఫాయిడ్‌లో లంఖణాలు చేసి లేచినవాడికి నీరసం. ఇప్పుడో? పాతికేళ్ల మా మనవడు లిఫ్టులో దిగి, కారెక్కి, ఏసీలో కూర్చుని తిరిగొచ్చి, "ఎనర్జీ లేదు తాతయ్యా" అంటాడు. అనడమే కాదు, ఫ్రిజ్‌లోంచి ఎనర్జీ డ్రింకు డబ్బా తీసి రాత్రి తొమ్మిదింటికి తాగుతాడు. అందులోది కెఫీన్‌రా నాయనా, అది సగం కరగడానికే అయిదారు గంటలు పడుతుందంటే వినడు. ఒంటిగంట దాకా ఫోను చూసి, ఆరింటికి లేచి, మళ్లీ అదే పాట.

మాకు లాంతరు ఆర్పితే రాత్రయినట్టే. పడుకోక ఏం చేస్తాం? ఆ నిద్రలో గొప్పతనం మాది కాదు, కిరసనాయిలు ఖరీదుది! అలాగని మేం సర్వజ్ఞులమా అంటే అదీ లేదు. ఇల్లెగిరిపోయేలా గురక పెట్టేవాణ్ని చూసి "హాయిగా నిద్రపోతున్నాడు" అనుకునేవాళ్లం. గురక మధ్యలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే అది నిద్రే కాదనీ, పగలంతా తూగడానికి అదే కారణమనీ ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. చెబుతున్నారు సరే, మా అల్లుడు వింటేనా?

తిండి సంగతి ఎత్తితే ఇంట్లో అందరూ లేచి వెళ్లిపోతారు, అయినా చెప్తాను. మెట్టప్రాంతాల్లో జొన్న సంగటి, రాగి అంబలి తిని పనికి పోయేవాళ్లు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చింది, ఆ పథకాన్ని నేనేమీ అనను. కాని తెల్లన్నం తినడమే గొప్పయింది, జొన్నలు పశువుల దాణా అయ్యాయి. పైగా ఆ బియ్యానికి మిల్లులో తవుడంతా పోయేదాకా పాలిషు! ఇప్పుడా రాగులే రంగు ప్యాకెట్లో మూడింతల ధరకు కొనుక్కొస్తున్నారు. తిన్న వెంటనే చిక్కటి టీ ఒకటి. అన్నంలో ఉన్న కాస్త ఇనుమునూ ఆ టీ ఒంటికి పట్టనివ్వదు. ఓ గంట ఆగి తాగితే కొంపలేం మునుగుతాయి? కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుమే ఇంకాస్త బాగా పడుతుంది.

ఆడవాళ్ల నీరసాన్ని మాత్రం మా రోజుల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినేవాళ్లు, చెప్పుల్లేకుండా పొలం గట్లమీద తిరిగేవాళ్లు, అరికాళ్లలోంచి కొంకిపురుగు దూరి రక్తం తాగేది. మెట్టెక్కితే ఆయాసపడే కోడల్ని "బద్ధకం" అని దులిపేవాళ్లు. మరి ఇప్పుడు? చెప్పులొచ్చాయి, మరుగుదొడ్లొచ్చాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్లలోపు ఆడవాళ్లలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత అని తేలింది. రక్తహీనతకు వాడే ఫోలిక్ యాసిడ్‌ను అమెరికాలో తయారుచేసిన బృందాన్ని నడిపించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అది కలిపిన ఐరన్ మాత్ర ఇప్పుడు ఊళ్లోకే వచ్చి ఊరికే ఇస్తారు. కడుపులో తిప్పుతుందని గూట్లో పెట్టి మర్చిపోతారు. తిప్పితే తిప్పుతోందని నర్సమ్మతో చెప్పాలి గాని, దాచిపెడితే రక్తం పడుతుందా?

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది సెలైన్ పిచ్చి. నీరసమనగానే మంచమెక్కి "ఓ సీసా పెట్టించండి" అంటారు. అరలీటరు గ్లూకోజు సీసాలో ఉండేది పాతిక గ్రాముల చక్కెర, అంటే అయిదు చెంచాలు. వాంతులూ విరేచనాలూ అయి నీళ్లు పోయినవాడికి సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. అన్నం తింటూ తిరుగుతున్నవాడికి వందలు పోసి ఎక్కించుకోవడం ఎందుకయ్యా? మజ్జిగలో ఉప్పేసుకుని తాగితే పోదూ! దానికి తోడు ఓ బలం సూది. బలం దేనికి తగ్గిందో అడిగినవాడు లేడు.

అడగాల్సింది అదే. హిమోగ్లోబిన్ ఎంత? ఆడవాళ్లకు పన్నెండు, మగవాళ్లకు పదమూడు గ్రాములకు తగ్గిందా? ఒళ్లు పెరిగి, జుట్టు రాలి, చలేస్తుంటే థైరాయిడ్ చూశారా? మాటిమాటికీ దాహమేస్తుంటే షుగరు చూశారా? ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మింగేవాళ్లకూ, మాంసం, గుడ్లు, పాలు ముట్టనివాళ్లకూ బీ12 తగ్గుతుంది, అది చూశారా? ఏదీ తగ్గకపోయినా దేనిమీదా మనసు పోకుండా వారాల తరబడి ఉంటే అదీ జబ్బే, దానికీ డాక్టరున్నాడు.

మా కాలంలో పరీక్షల్లేవు, ఓర్చుకున్నాం. వీళ్లకు వీధికో ల్యాబు ఉంది. రక్తమిచ్చి రారా అంటే మనవడు, "అంత ఓపిక లేదు తాతయ్యా" అంటాడు. ఓపిక ఎందుకు లేదో తెలుసుకోవడానికే వెళ్లమంటున్నాను రా వెధవా!