సిగ్గుపడుతూ వేసిన చిందు

అమ్మవారి ఊరేగింపులో డప్పు మోగిందంటే చాలు, మా రైల్వే ఊళ్లో మథురాకాటి పేట కుర్రాళ్లు ఆగరు. పగలంతా వర్క్‌షాపులో స్పానర్ పట్టిన ఫిట్టరు, డ్యూటీ దిగి తిన్నగా వచ్చేసిన పాయింట్స్‌మన్, వాళ్ల వెనక పదో తరగతి తప్పిన తమ్ముడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోతుంది. చెప్పు తెగితే పక్కకి తన్నేసి మళ్లీ ఎగురుతారు. ‘ఇదంతా ఊరికే వేళాకోళం, నిజానికి నేను చాలా గంభీరమైన మనిషిని’ అని ఒక్కడి మొహం మీదా రాసి ఉండదు.

అది మొహాన రాసుకుని మరీ డాన్సుకి దిగినవాళ్లు ఐర్లండులో ఉన్నారు. యూటూ అని పెద్ద రాక్ బ్యాండు. 1987లో ‘జాషువా ట్రీ’ ఆల్బమ్‌తో లోకాన్ని ఉద్ధరించే పనిలో పడ్డారు. ఆ ఉద్ధరణ జనానికి మొహం మొత్తుతోందని తెలిసి, 1991లో ‘అక్టుంగ్ బేబీ’తో వేషం మార్చారు. నెగ్గారు. నెగ్గినవాడికి పట్టే జబ్బే వాళ్లకీ పట్టింది: ఇంకో వేషం వేద్దామని. అప్పటికి ఇంగ్లండు క్లబ్బుల్లో ప్రాడిజీ, కెమికల్ బ్రదర్స్ కుర్రకారుని ఊపేస్తున్నారు. మనమేం తక్కువ తిన్నాం అనుకున్నారు మనవాళ్లు. అలా పుట్టింది 1997 మార్చిలో ‘పాప్’.

డాన్సు ఆల్బమ్‌కి ముందుగా కావాల్సింది వాయించేవాడు. ఆ బ్యాండు డ్రమ్మరు లారీ ములెన్ సరిగ్గా అప్పుడే వెన్ను ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయన కోలుకునేదాకా ఆగుదామని మిగతా ముగ్గురికీ తోచలేదు. మిషన్ లూపులున్నాయి కదా, వాటితో లాగించేద్దాం అన్నారు. డప్పు మనిషి లేకుండా ఊరేగింపు బయల్దేరదీసిన ఘనత చరిత్రలో వీళ్లదే.

తరవాతి ఘనత ఇంకా పెద్దది. 1996 క్రిస్మస్‌కి రావాల్సిన ఆల్బమ్ తెమల్లేదు. కానీ మేనేజరు పాల్ మెక్‌గిన్నెస్ చేత టూరు మాత్రం ఖాయం చేయించేశారు. 1997 ఏప్రిల్ 25న లాస్ వేగాస్‌లో మొదటి షో. అంటే పాటలు ఎలా తయారైనా సరే, ఆ రోజుకి స్టేజి ఎక్కి తీరాలి. టికెట్లు ముందు అమ్ముకుని బోగీలు తీరిగ్గా తయారుచేసుకోవచ్చన్న ఆలోచన మా రైల్వే బోర్డుకి కూడా ఇంతవరకూ రాలేదు. టూరు సంగతి చెప్పడానికి న్యూయార్కులో కేమార్ట్ దుకాణంలో లోదుస్తుల విభాగం ఎంచుకుని, అక్కడ విలేకరుల సమావేశం పెట్టారు. ఇదంతా వినియోగదారుల సంస్కృతి మీద వ్యంగ్యమట. వ్యంగ్యం సరేనయ్యా, మరి టికెట్టు డబ్బులు కూడా వ్యంగ్యంగానే పుచ్చుకున్నారా?

ఇక ఆల్బమ్. పన్నెండు పాటలు. మొదటిది ‘డిస్కోటెక్’. దాని వీడియోలో నలుగురూ విలేజ్ పీపుల్ బ్యాండు వాళ్లలా వేషాలు కట్టి నడుము తిప్పారు. ఆ తిప్పడంలో ఉంది అసలు రోగం. ‘చూశారా, మేం నవ్వుతున్నాం, మీరు మమ్మల్ని చూసి నవ్వకండి’ అన్నట్టుంటుంది ఆ తిప్పుడు. మూడో పాటదాకా ఎలాగో కాలు ఆడించవచ్చు. నాలుగో పాటలో దేవుడు దేవదూతల్ని పంపుతాడా అన్న చింత మొదలవుతుంది. లేచినవాడు కూర్చుంటాడు. పదకొండో పాట ‘ప్లీజ్’ ఉత్తర ఐర్లండు నెత్తుటి గొడవ గురించి. మంచి పాట, కాదనను. దానికి ఎవరూ చిందెయ్యరు, అంతే. పన్నెండోది ఏకంగా ఏసుకి మొర. డిస్కో దీపాల కింద పిలిచి ప్రార్థన చేయించి పంపే పార్టీ ఇదొక్కటే.

స్టేజి సంగతి చెప్పకపోతే పాపం. దాదాపు యాభై మీటర్ల వెడల్పున వీడియో తెర, అప్పటికి అలాంటి తెరల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. వెయ్యీ డెబ్బై రెండు మీటర్ల ప్లాట్‌ఫాంతో ఒకప్పుడు ప్రపంచ రికార్డు మోసిన ఊరు మాది. ప్లాట్‌ఫాం పొడవు చూసి బండి టైంకి రాదని మాకు తెలుసు. లాస్ వేగాస్ మొదటి రాత్రే వాళ్లకీ తెలిసొచ్చింది: ‘స్టేరింగ్ ఎట్ ది సన్’ పాట మధ్యలో తడబడి, ఆపి, మళ్లీ మొదలెట్టారు.

ఆ తెరకి తోడు నలభై అడుగుల నిమ్మకాయ, ఒంటినిండా అద్దాల తళుకుతో. అది జనం మధ్యకి కదిలొచ్చి తెరుచుకుంటే, లోపల్నుంచి నలుగురూ దిగి రావాలి. మనం కొత్త బండి కొంటే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం, దిష్టి పోతుంది. వీళ్లు వెళ్లి నిమ్మకాయలో కూర్చున్నారు! ఓస్లోలో ఆ కాయ తెరుచుకోలేదు. లక్షణంగా వెనక దారిన దూరి బయటపడ్డారు. 1984లో ‘దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్’ అనే సినిమాలో రాక్ బ్యాండు వాళ్లని ఏడిపించడానికి అచ్చం ఇలాగే ఒకణ్ణి గుల్లలో ఇరికించారు. పదమూడేళ్ల తరవాత ఆ జోకుని సొంత ఖర్చుతో నిజం చేశారు యూటూ వాళ్లు.

ఒక్కచోట మాత్రం రైల్వే ఊరివాడిగా నా కలం ఆగుతుంది. 1997 సెప్టెంబర్ 23న ఇదే టూరు సారయేవో వెళ్లింది. బోస్నియా యుద్ధం మొదలయ్యాక ఆగిపోయిన రైళ్లు ఆ కచేరీకి జనాన్ని తేవడానికి తొలిసారి నడిచాయి. ఆ రాత్రి గాయకుడు బోనో గొంతు పోయింది, జనమే పాడేశారు. అక్కడ వేళాకోళం లేదు, అందుకే అది గుర్తుంది.

మిగతాదానికి వాళ్ల సాకు ఒక్కటే: టైం చాలలేదు. ఏళ్ల తరబడి ఇదే పాట. ఆ టైం పెట్టిందెవరు బాబూ? 2002లో హిట్ల సంకలనం వేసినప్పుడు ‘డిస్కోటెక్’తో సహా ఈ ఆల్బమ్‌లోని కొన్ని పాటల్ని మళ్లీ మిక్స్ చేయించి ఎక్కించారు. డబ్బిచ్చి కొన్నవాడి ఇంట్లో ఉన్న పాత కాపీకి మాత్రం ఎవరూ మరమ్మతు చెయ్యలేదు. డాన్సు రాకపోవడం నేరం కాదు. వస్తే వేషమంటూ, రాకపోతే టైం లేదంటూ రెండు దారులూ తెరిచిపెట్టుకోవడం మాత్రం పిరికితనం.

2019 డిసెంబర్ 15న వాళ్లు తొలిసారి మన దేశం వచ్చి ముంబైలో వాయించారు. 1987 నాటి ‘జాషువా ట్రీ’ మొదటి పాట నుంచి చివరి పాటదాకా వినిపించారు. నిమ్మకాయ తేలేదు.