ఏ మొహానికి ఏ పచ్చడి?

లోకంలో చర్మాలు మూడు రకాలట. పొడి చర్మం, జిడ్డు చర్మం, రెండూ కలిసిన మిశ్రమ చర్మం. పొడి చర్మానికి మీగడ, తేనె, అరటిపండు గుజ్జు. జిడ్డు చర్మానికి ముల్తానీ మట్టి, నిమ్మరసం. మిశ్రమ చర్మానికి శనగపిండి, పెరుగు, చిటికెడు పసుపు. నుదుటికి ఒకటి, బుగ్గలకు ఇంకొకటి పూసుకునే ఓపికుంటే మరీ శ్రేష్ఠమట. ఇరవై నిమిషాలు ఆరనిచ్చి చన్నీళ్లతో కడుక్కోవాలి, వారానికి రెండుసార్లు. ఇంత వివరంగా చెప్పే చిట్కాల పండితులు ఆ ఎండిపోయిన గిన్నె ఎవరు తోమాలో మాత్రం చెప్పరు. పెరుగంతా మొహానికి పోతే మధ్యాహ్నం అన్నంలోకి ఏం కలుపుకోవాలో అసలే చెప్పరు.

ఈ పట్టిక ఖమ్మం జిల్లా పెనుబల్లి దాకా వచ్చేసరికి తెల్లమొహం వేస్తుంది. ఇక్కడి చర్మాల లెక్క వేరు. మిర్చి ఏరే చర్మం మొదటిది. సాయంత్రం ఇంటికొచ్చి ఎన్ని చెంబుల నీళ్లు పోసుకున్నా ఆ మంట దిగదు. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లకు లొంగదు, నూనెలోనే కరుగుతుంది. అందుకే కూలీలు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు. వాళ్లకు ఈ సంగతి ఏ చిట్కాల పేజీ చెప్పలేదు. ఆయిల్ పామ్ గెలలు కోసి ముళ్లు గీరుకున్న చర్మం రెండోది. సత్తుపల్లి గనుల బొగ్గు దుమ్ము పట్టిన చర్మం మూడోది. వేసవిలో చెరువు మట్టి తవ్వి, తట్టలు మోసి కమిలిన చర్మం నాలుగోది. వీటికి ఏ గుజ్జు పట్టించాలో పట్టికలో వెతికినా దొరకదు. దానికి తెలిసిందల్లా ముక్కు మీద జిడ్డు ఒక్కటే. ఆ ముక్కు మీద పొద్దస్తమానం పడే ఎండ దానికి కనపడదు.

ఎండను లెక్కలోకి తీసుకుని చర్మాలను విడదీసినవాడు ఒకడున్నాడు. హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఆ పని చేశాడు. ఎండకు కందిపోతుందా, నల్లబడుతుందా అన్నదే ఆయన అడిగిన ప్రశ్న. చికిత్సలో అతినీలలోహిత కిరణాలు ఎంత మోతాదులో ఇవ్వాలో తేల్చుకోవడానికి ఆయనకు ఆ లెక్క కావలసి వచ్చింది. మొదట తెల్లవాళ్ల రకాలే రాశాడు, మనలాంటి వాళ్లను తర్వాత చేర్చారు. సరిగ్గా అదే 1975లో మన బజారులోకి ఫెయిర్ అండ్ లవ్లీ ట్యూబు దిగింది. చర్మం ఎంత ఎండ తట్టుకుంటుందని ఆయన అడిగితే, ట్యూబు ఎంత తెల్లబడతావని అడిగింది. పెళ్లిచూపుల్లో ఏ ప్రశ్న నిలబడిందో చెప్పక్కర్లేదు. 2020లో ఆ పేరులోని ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. చిట్కాలవాళ్లు కూడా మర్యాద నేర్చుకుని ‘తెలుపు’ మానేసి ‘నిగారింపు’ అంటున్నారు. గిన్నెలో సరుకు మాత్రం అదే.

ఇంట్లో సరుకే కదా, ఏం చేస్తుందని అడుగుతారు. నిమ్మరసాన్నే చూడండి. దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, మన చర్మానిది 5 దగ్గర. ఆ కొలతలో ఒక్కో మెట్టుకు పదింతలు తేడా, అంటే వెయ్యింతల పులుపు తెచ్చి బుగ్గలకు పూస్తున్నామన్నమాట. అది చాలదన్నట్టు నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, సోరాలెన్ జాతి రసాయనాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది, ఆపైన నల్లటి మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. ఇదే సోరాలెన్ బావంచాలలోనూ ఉంది. వైద్యులు దాన్ని బొల్లికి వాడతారు, తెల్లబడ్డ చోట మళ్లీ రంగు రావడానికి! అంటే మే నెల ఎండల్లో నిమ్మరసం పూసుకుని బయటికెళ్లే పిల్ల నల్లబడే వైద్యాన్ని తెల్లబడటానికి చేయించుకుంటోంది. శివరాత్రికి నీలాద్రీశ్వరుడి జాతరలో మెరిసిపోదామని పూసుకుంటే ఉగాదికి కూడా మచ్చ దిగకపోవచ్చు.

అన్నీ విషమేనని కాదు. శనగపిండి జిడ్డు లాగుతుంది, మట్టీ అంతే. మీగడ కాసేపు మెత్తగా ఉంచుతుంది. పసుపు పచ్చగా అంటుకుంటుంది, దాన్నే మెరుపనుకుంటాం. దీనంతటికీ మొహం కడుక్కోవడమని పేరు. పండగనాడు నువ్వులనూనె మర్దించి, సున్నిపిండితో ఒళ్లంతా రుద్ది, నెత్తిన వేణ్నీళ్లు గుమ్మరించిన అమ్మమ్మ ఏ పిల్లనూ ‘నీది ఏ రకం చర్మమే’ అని అడగలేదు. మురికి వదిలిందా లేదా అన్నంతవరకే ఆవిడ పట్టింపు. రంగు మారుతుందని పూచీ పడలేదు.

అన్ని రకాల చర్మాలకూ పనికొచ్చే మాస్కు ఇంట్లోనే తయారవుతుంది, కావాలంటే మిర్చి తోటకు వెళ్లి చూడండి. చీర మీద ఇంట్లో మగవాళ్ల పాత ఫుల్‌చేతుల చొక్కా, కళ్లు మాత్రం కనపడేలా తలకూ మొహానికీ చుట్టిన తువ్వాలు. ఎండను ఆపుతుంది, ఘాటును ఆపుతుంది, ఇరవై నిమిషాలకు కాదు, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా. మంగుమచ్చలు ముదరకుండా ఉండాలంటే ఏ చర్మ వైద్యుడైనా ముందు చెప్పేది ఎండ తగలనివ్వకమ్మా అనే.

కనుక పండితులకు నాదీ ఒక చిట్కా. చేను గట్టున నీడ, తాగడానికి చల్లటి నీళ్లు, చేతులకు తొడుగులు, ఎండ ముదరకముందే పని ముగింపు. ఈ నాలుగూ సమపాళ్లలో కలిపి రోజూ వాడాలి. పొడి చర్మమైనా జిడ్డు చర్మమైనా తేడా లేదు. చిక్కల్లా ఒక్కటే: దీనికి ఖర్చు పెట్టాల్సింది మొహం ఉన్న మనిషి కాదు, పని చేయించుకునే మనిషి. అందుకే ఇది ఏ అందాల పేజీలోనూ అచ్చు కాదు.