చుక్క చూసి చోటు చెప్పే పెద్దమనిషి

హైదరాబాద్‌కు ఉత్తరాన, నాగపూర్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉండగా, ఈ రెంటి నడుమ వెంచర్లలో సొంత ఇల్లు కట్టుకొని, ఉద్యోగ విరమణ తర్వాత స్థిరపడిన ఒక వర్గపు పెద్దమనుషులు కనిపిస్తారు. వీరిని గుర్తుపట్టడానికి ముఖాలు చూడవలసిన పనిలేదు, పోర్టికోలో పరచిన గ్రానైటు మీద నల్లటి మరక ఉన్నదో లేదో చూస్తే చాలు. ఆ మరక మీద నిలబడి ఉండేది పోత ఇనుము బోరు గల పాత బుల్లెట్ బండి. ఆ మరకకు కారణం కనిపెట్టడం ఆ పెద్దమనిషి శేషజీవిత కార్యక్రమం.

బుల్లెట్ పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణం కాగా, 1955లో మద్రాస్ మోటార్స్ వారు అక్కడి రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించి, మద్రాసు శివారు తిరువొత్తియూరులో దాన్ని తయారు చేయించారు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఆ ఒంటి సిలిండరు ఇంజన్ స్వల్పమైన మార్పులతో అర్ధశతాబ్దానికి పైగా నడిచింది. ఆయిల్ బయటపడటానికి కావలసిన సదుపాయాలన్నీ దాని నిర్మాణంలోనే ఉన్నాయి. క్రాంక్‌కేసు, అనగా క్రాంకు తిరిగే పెట్టె, నిలువునా రెండు చెక్కలుగా ఉంటుంది గనుక వాటి అతుకు ఇంజన్ అడుగు దాకా దిగుతుంది. సిలిండరు పోత ఇనుముది, దాని మీది హెడ్డు అల్యూమినియంది కావడం వల్ల, వేడెక్కినప్పుడు రెండవది మొదటిదానికి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇంజన్ శక్తిని క్లచ్‌కు అందించే గొలుసు మీది పెద్ద మూతను, అంటే ఎడమ పక్క ఉండే చైన్ కవరును, నడిమధ్య ఉన్న ఒకే ఒక్క నట్టు పట్టి ఉంచుతుంది. అంచు నుంచి కారుతున్నదని ఆ నట్టును అతిగా బిగిస్తే మూత నడుమ లోపలికి వంగి, అంచు ఇంకాస్త వదులై, మునుపటికంటె ఎక్కువ కారుతుంది. ఈ సంగతి పెద్దమనిషి ఎరుగును. ఎరిగీ బిగిస్తాడు.

ఇతడి పరిశోధనకు మొదటి పరికరం పాత ఫ్లెక్సీ. గత ఎన్నికల్లో ఎవరో అభ్యర్థి వీధి మలుపులో కట్టించి మరచిపోయిన దాన్ని తెచ్చి, ఇంటావిడ పోరు పడలేక, రాత్రిపూట బండి కింద పరుస్తాడు. తెల్లవారి లేవగానే, ముఖమైనా కడగకుండా గొంతుక్కూర్చుని చదువుతాడు. చుక్క అభ్యర్థి జోడించిన చేతుల మీద పడితే ఆయిల్ దించే బోల్టు దగ్గరి వాషరు పోయినట్టు, భుజం మీది కండువా మీద పడితే చైన్ కవరు కారినట్టు, అడుగున వరుసగా చిన్న ఫొటోల్లో ఉన్న కార్యకర్తల మీద పడితే గేర్‌బాక్స్ సీలు అరిగినట్టు ఇతడి సిద్ధాంతం. దీనిలో లోపమేమంటే, ఆయిల్ కారిన చోట రాలదు. అది ఎక్కడో పైన, ముందువైపున పుట్టి, బండి నడిచేటప్పటి గాలికి వెనక్కి జరిగి, రెక్కల సందుల్లో దిగి, కింద కనిపించిన మొదటి బోల్టు తల పట్టుకొని వేలాడి, అక్కడ రాలుతుంది. కాబట్టి చుక్కను బట్టి పట్టుబడేది చాలాసార్లు ఏ పాపమూ ఎరుగని బోల్టే.

అందుచేత శాస్త్రీయమైన పద్ధతి వేరే ఉంది: ఇంజన్‌ను డీజిల్‌తో కడిగి, బనియన్ వేస్టుతో, అంటే గ్యారేజీలవాళ్ళు కిలోల లెక్కన కొనే బట్టపీలికలతో, తడి లేకుండా తుడిచి, అతుకుల వెంట టాల్కం పౌడరు చల్లి, కొద్ది దూరం నడిపి ఆపితే, పౌడరు ముందుగా తడిసిన చోటే ఆయిల్ పుట్టుచోటు అవుతుంది. ఈ పద్ధతికి పెద్దమనిషి వ్యతిరేకి కాడు; మనవరాలి పౌడరు డబ్బా వారానికొకటి ఖాళీ అవుతుంది. అయితే కొద్ది దూరం అనే మాట దగ్గర ఇతడికి పట్టింపు లేదు. అవుటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు గనుక, పక్కనున్న సర్వీసు రోడ్డు వెంట లారీలకు దారి ఇచ్చుకుంటూ శామీర్‌పేట చెరువు కట్ట దాకా పోతే గాని పరీక్ష పూర్తయినట్టు భావించడు. అంత దూరం వచ్చేసరికి పౌడరంతా తడిసి, దుమ్ముతో కలిసి, ఇంజన్ యావత్తూ ఒకే రంగుకు వచ్చి ఉంటుంది.

కట్ట మీద ఆదివారం నాడు జనానికి కొదువ ఉండదు. ఇతడు బండి పక్కన మోకాలి మీద కూర్చోగానే ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు చేరతారు, వారికి ఇతడు ఆయిల్ కారడం ఆగిందంటే లోపల ఆయిల్ అయిపోయిందని అర్థం అని, బ్రిటిష్ బండ్లున్న ప్రతి దేశంలోనూ తాతల నాటి నుంచి చెప్పుకుంటున్న ఛలోక్తిని, అప్పుడే తోచినట్టు చెబుతాడు. వారిలో ఎవడైనా తన జపాను ఇంజన్ బండి ఇన్నేళ్ళలో ఒక్క చుక్కా రాల్చలేదని అంటే మాత్రం మొహం ముడుచుకుంటాడు. నిజానికి 1969లో హోండావారు నాలుగు సిలిండర్ల సీబీ750ని తెచ్చినప్పుడు, దాని క్రాంక్‌కేసును అడ్డంగా చీల్చి, అతుకును ఆయిల్ మట్టానికి పైన ఉంచారు. బ్రిటిష్ కంపెనీలు అవమానంగా భావించవలసిన ఆ మెళకువను, ఇతడు ‘ప్రాణం లేని బండి’ అని ఒక్క మాటలో తోసిపుచ్చుతాడు.

రెండు లోహపు ముఖాల మధ్య సందు పూడ్చే కాగితపు పొరను మన మెకానిక్కులు ప్యాకింగ్ అంటారు. రాణీగంజ్‌కు పోతే ఇంజన్ మొత్తానికి ప్యాకింగ్ సెట్టు దొరుకుతుంది. పెద్దమనిషి దాన్ని కొంటాడు కూడా, కాని వాడడు. ఇంటికి వచ్చే శుభలేఖల్లో మందం గలవి ఏరి బీరువాలో దాచి, అవసరం పడినప్పుడు ఒకదాన్ని టాపెట్ మూత మీద పరచి, గుండు తల సుత్తితో అంచుల వెంట మెల్లగా కొడుతూ పోతాడు. లోహపు అంచే కత్తిగా పనిచేసి అట్ట మూత ఆకారానికి తెగి వస్తుంది. ఈ పనిలో ఇతడి చేతివాటం నిస్సందేహంగా మెచ్చదగినది. గ్రీజు రాసి బిగించాక, ఎవరో చిరంజీవి ఎవరో లక్ష్మీసౌభాగ్యవతి పేర్లు, సుముహూర్తంతో సహా, పుష్‌రాడ్ల అడుగున ఆయిల్‌లో నానుతూ ఉంటాయి. అంతటితో ఊరుకుంటే బాగుండేది గాని, అనుమానం తీరక అంచుల నిండా సిలికాన్ పేస్టు కూరుతాడు. బయటికి పొంగినంతే లోపలికీ పొంగిన ఆ పేస్టు తునకలై ఊడి, ఆయిల్ దారుల్లో అడ్డం పడి, కారే ఇంజన్‌ను పట్టేసే ఇంజన్‌గా మార్చగలదు.

ఇన్ని ప్యాకింగులు మార్చినా ఆయిల్ ఎందుకు కారుతున్నదంటే, తప్పు ప్యాకింగ్‌ది కాదు గనుక. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ దాని అడుగున ఉన్న సుమారు 346 ఘన సెంటీమీటర్ల గాలిని నెడుతుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఇది సెకనుకు 50 సార్లు జరుగుతుంది. ఆ ఒత్తిడి బయటపడటానికి బ్రీదర్ అనే సన్నని పైపు ఉన్నది. అది మూసుకుపోతే గాలి ప్రతి అతుకునూ తోసి, తనతో ఆయిల్‌ను తీసుకొస్తుంది. మేడ్చల్ బస్ డిపో వైపు షెడ్డు పెట్టుకున్న ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, “సార్, ప్యాకింగ్ మంచిగనే ఉన్నది, దమ్ము బయటికి పోతలేదు” అని మొదటి రోజే చెప్పి ఉంటాడు. ఇంట్లో ఇల్లాలు ఇంజన్‌ను ముట్టకుండానే అదే మాట అంటుంది: “కుక్కర్ విజిల్ల మెతుకు అడ్డంపడి పక్కలపొంటి నీళ్ళు కారితే నేను రబ్బరు మారుస్తనా, విజిల్ కడుగుతనా?” ఈ రెండు నిర్ధారణలనూ ఇతడు స్వీకరించడు. ఖర్చు లేని కారణం ఇతడి దృష్టిలో కారణమే కాదు. క్రాంకు వంగిందన్నా, పోతలోనే పగులుందన్నా ఆసక్తిగా వింటాడు గాని, పైపు మూసుకుపోయిందంటే తనను తక్కువ చేసినట్టు భావిస్తాడు.

చివరకు ఉస్తాద్ దగ్గర పనిచేసే పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే సైకిల్ పుల్ల ఒకటి తెచ్చి పైపు కొసలో పొడుస్తాడు. కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూడు పొడిపొడిగా రాలుతుంది. ఉస్తాద్ డబ్బు వద్దని చాయ్ మాత్రం చెప్పమంటాడు, ఇది పెద్దమనిషికి మరింత బాధ కలిగిస్తుంది. వచ్చే ఆదివారం కట్ట మీద అదే సంగతిని క్రాంక్‌కేసు ఒత్తిడి సవరణ అనే పేరుతో, రెండు రోజుల పనిగా వర్ణిస్తాడు. తెల్లవారి ఫ్లెక్సీ మీద అభ్యర్థి ముఖం మచ్చ లేకుండా కనిపించేసరికి కంగారుపడి, ఆయిల్ మట్టం చూసే పుల్లను తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూస్తాడు. ఆయిల్ సరిగ్గానే ఉంటుంది. ఇక చేసేది లేక, ఏనాడూ కారని టైమింగ్ కవరును ముందుజాగ్రత్తగా విప్పుతాడు, ఏళ్ళ తరబడి అంటుకొని ఉన్న ప్యాకింగ్ రెండు ముక్కలై ఊడివస్తుంది, ఇతడు కాస్త పెద్ద శుభలేఖ ఏదైనా వచ్చిందా అని లోపలికి కేక వేస్తాడు.