అంకుల్ అన్నందుకు

బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. "అంకుల్, ఇండికేటర్ ఆపలేదు." వాడి తప్పేం లేదు. నాకు 46 ఏళ్లు. హెల్మెట్ తీస్తే జుట్టు నెత్తి మీద కంటే హెల్మెట్‌లోనే ఎక్కువుంటుంది. అయినా ఆ "అంకుల్" చెవిలోంచి దిగి గుండెలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పచ్చలైటు పడగానే వాడి బండి డుగడుగమంటూ బందరు రోడ్డంతా తనదే అన్నట్టు పోయింది. నా 350 సీసీ బండి కుట్టుమిషన్‌లా వాడి వెనకాలే వెళ్లింది. రోగం వయసుది, మందు బండికి వేయించాను.

ఆ వారమే ఆటోనగర్ వెళ్లి బెండు పైపుతో సహా కొత్త సైలెన్సర్ బిగించమన్నాను, 14,000. పెళ్లికూతురికి తోడపెళ్లికూతురిలా నూలు ఎయిర్ ఫిల్టర్ ఒకటి, 3,500. ఇంట్లో "సర్వీసింగ్" అని చెప్పాను. మెకానిక్ బిగిస్తూ, "కంప్యూటర్ ట్యూనింగ్ కూడా చేయించేయండి సార్, ఇంకో 12,000 అవుద్ది" అన్నాడు. అప్పుడు నేను నవ్విన నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు చచ్చిపోతుంది. "కంప్యూటర్‌కి మనం నేర్పేదేంటయ్యా, అదే నేర్చుకుంటుంది!"

అందులో సగం నిజముంది. అదే నా కొంప ముంచింది. పూర్తి అబద్ధమైతే ఎవరో ఒకరు అడ్డుకునేవారు.

పెళ్లి బంతిలో వడ్డన చూశారుగా, ఇదీ అంతే, గాలి చుట్టాలు, పెట్రోలు వడ్డన. ఇంజిన్‌లో లెక్క గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక మన బళ్లకు సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటోంది. నిదానంగా పోతున్నంతసేపూ అది విస్తళ్లలో ఏం మిగిలిందో చూసి చెబుతుంది, కంప్యూటర్ గరిటె పెంచో తగ్గించో సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ బార్లా తిప్పారనుకోండి, ఇక విస్తరి చూసే తీరికుండదు. కంపెనీవాళ్లు ముందే రాసిచ్చిన చీటీ ప్రకారమే వడ్డన. కొత్త ఫిల్టరూ కొత్త గొట్టమూ పెట్టి గాలి చుట్టాలను అదనంగా పిలిచి, చీటీ మాత్రం పాతదే ఉంచితే పెట్రోలు చాలదు, ఇంజిన్ కాగిపోతుంది. ట్యూనింగ్ అంటే ఆ చీటీ తిరగరాయడమే. చివరి డబ్బా ఒక్కటే మార్చి, క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోకపోతే మామూలుగా ఆ అవసరం రాదు. నేను మొదలంటా పీకించాను. సగం పని చేస్తే మగతనానికి లోటు కదా.

తర్వాత రెండు నెలలు ఆఫీసులో నా ఉపన్యాసాలే. పికప్ పెరిగిందని పిల్లల మీద ఒట్టేసి చెప్పాను. పెరిగింది చప్పుడు. స్పీడోమీటర్ 60 అంటుంటే నా చెవులు 100 అని చదువుకునేవి. మైలేజీ 34 నుంచి 26కి దిగింది, పెట్రోలు కల్తీ అన్నాను. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక టపాకాయలు పేలాయి, రేసు బళ్లన్నీ ఇంతే అన్నాను. మీటర్లో ఇంజిన్ లైటు వెలిగింది. మా ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి తెచ్చి దాని మీద అంటించాను.

ఇక మాఘమాసంలో పెళ్లి ఒకటొచ్చింది. వెనక మా ఆవిడ, పట్టుచీర, మల్లెపూలు, ఒళ్లో గిఫ్టు ప్యాకెట్టు. కనకదుర్గ ఫ్లైఓవర్ దిగుతున్నాం, వాలు కదా అని యాక్సిలరేటర్ వదిలాను, అంతే, ఢాం, టపటప, ఢాం, ఆవిడ "అమ్మా దుర్గమ్మా" అంటూ నా పొట్ట పట్టుకుంది, గిఫ్టు ప్యాకెట్టు జారింది, కంగారులో మళ్లీ తిప్పి మళ్లీ వదిలాను, ఇంకో రెండు పేలాయి, ముందున్న ఆటోవాడు టైరు పేలిందనుకుని పక్కకు తీశాడు, ఆ సందులోంచి ట్రాఫిక్ పోలీసాయన చెయ్యెత్తి కనిపించాడు.

"ఈ వయసులో ఏంటి సార్ ఇది?"

అంకుల్ అన్నా బాగుండేది. శబ్దం హద్దు మీరితే చట్టంలో 190(2) సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా ఉందట, ఆయనే ఓపిగ్గా చెప్పాడు. ఎంత కట్టానో మా ఆవిడకి తెలీదు, అప్పటికే ఆటో ఎక్కేసింది. కాబట్టి ఇక్కడా రాయను.

మర్నాడు తోక ముడుచుకుని ట్యూనింగ్ కుర్రాడి దగ్గరికి వెళ్లాను. వాడు బండికి అగ్గిపెట్టంత డబ్బా తగిలించి, "మూడు రోజులు మామూలుగా నడపండి సార్, మీ నడక చూసి రాస్తాను" అన్నాడు. మూడోరోజు ల్యాప్‌టాప్‌లో గీతలు తెరిచాడు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే 100. మూడు రోజుల మొత్తంలో నా గీత 31 దాటలేదు. ఒక్కచోట మాత్రం కొబ్బరిచెట్టులా 94కి లేచింది. వాడు దాని మీద వేలు పెట్టి కింద వేగం చూశాడు. సున్నా. మంగళవారం సాయంత్రం, సిగ్నల్ దగ్గర, న్యూట్రల్‌లో, పక్కనెవరో కుర్రాళ్లుంటే.

వాడు నన్ను చూశాడు. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను.

"మీ నడకకి ట్యూనింగ్ దండగ అంకుల్," అన్నాడు. సార్ అక్కడితో ఆఖరు. తర్వాత వంగి, బెండు పైపు ఇంజిన్‌కి కలిసేచోట గుడ్డతో తుడిచి నల్లటి మసి చూపించాడు. గ్యాస్కెట్ లీకు. ఆ సందులోంచి బయటిగాలి దూరుతుంటే, సెన్సర్ అది ఇంజిన్‌లో మిగిలిన గాలే అనుకుని పెట్రోలు చాలట్లేదని చెబుతోంది, కంప్యూటర్ పాపం గుమ్మరిస్తోంది. మైలేజీ పోయిందీ, టపాకాయలు పేలిందీ అందుకే. కొత్త గ్యాస్కెట్ 150. బిగించిన రోజే మెకానిక్ అడిగాడు, "కొత్తది వేద్దామా సార్" అని. పాతది బానే ఉందిగా అన్నది నేనే.

ఇప్పుడు కంపెనీ సైలెన్సరే ఉంది, గ్యాస్కెట్ కొత్తది. మైలేజీ మళ్లీ 33. బొట్టుబిళ్ల పీకేశాను, జిగురు మరక పోలేదు. నూలు ఫిల్టర్ మాత్రం తీయలేదు. ఎవరేమన్నా సరే, పికప్‌లో తేడా ఉంది. నాకు తెలుస్తోంది.