తాగినా తాగకున్నా తలకింత

అమెరికాలో మనవాళ్ల రిసెప్షన్‌కి ముహూర్తం కన్నా ముందు తేలాల్సింది ఒకటుంది: మందు బిల్లు ఎవరిది?

ఓపెన్ బార్ అయితే పెళ్లివారిదే. హాలువాళ్లు సాధారణంగా తలకింత అని లెక్క కడతారు. ఇరవై ఒకటి నిండిన ప్రతి తలా లెక్కలోకి వస్తుంది. ఏకాదశి ఉపవాసమున్న బామ్మగారు మంచినీళ్లు తాగినా సరే, ఆవిడ ఖాతాలో విస్కీ పడ్డట్టే. అదేమిటని అడిగితే మేనేజరు కాంట్రాక్టు చూపిస్తాడు.

పోనీ, తాగినంతకే బిల్లంటే? అప్పుడు పెళ్లికూతురి తండ్రి చూపు అక్షింతల మీద ఉండదు. సగం గ్లాసు టేబుల్ మీద వదిలేసి, అదెక్కడ పెట్టానో మర్చిపోయి కొత్తది అందుకునే బాబాయి మీదే ఉంటుంది. ఇలాంటి బాబాయి ప్రతి వంశంలోనూ ఒకడుంటాడు, అదేం శాపమో!

మూడోది క్యాష్ బార్. ఎవరి బీరు వాళ్లే కొనుక్కోవాలి. నూటపదహారు డాలర్లు కవరులో పెట్టి చదివించినవాడు మళ్లీ పర్సు తీస్తే ఆ మాట తెల్లారేసరికి తెనాలి చేరుతుంది.

అందుకే మనవాళ్లు నాలుగోది కనిపెట్టారు: పార్కింగ్‌లో కారు డిక్కీ! మూత తీసిన సీసా డిక్కీలోంచి సీట్ల దగ్గరికి వచ్చి కారు రోడ్డెక్కితే చాలా రాష్ట్రాల్లో అది నేరం. పోలీసొస్తే బారాత్ దారి మారుతుంది.

అయ్యా పెళ్లిపెద్దలూ, బీరూ వైనూ మీరు పోయించి గట్టి సరుకు మానేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. అతిథి దగ్గర వసూలు చేసేదే అయితే మాత్రం ఆ ముక్క శుభలేఖలోనే అచ్చు వేయించండి.