లుక్మీ కందం: జిడ్డు అను వ్యాఖ్యతో

అవతారిక

కొల్చారం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. భారవికి రాసినది ఘంటాపథం, మాఘుడికి రాసినది సర్వంకష. మెదకు సీమ మనిషి, పేర్లు పెట్టడంలో పిసినారితనం లేదు. ప్రస్తుత వ్యాఖ్యకు జిడ్డు అని పేరు. రాసిన చేతికి నెయ్యి అంటుకొని ఉండడం ఒక కారణం, పట్టుకున్నది వదలకపోవడం రెండో కారణం. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆ మహానుభావుడు ముందే మాట ఇచ్చాడు. అందులో మొదటి సగం నేనూ ఇస్తాను. రెండో సగం కూడా ఇస్తే వ్యాఖ్యానం ఇక్కడికే సరి.

వ్యాఖ్యేయం ఒక కందపద్యం. చందుర్తిలో మా వదినె ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం బిళ్ల కింద ఉంటుంది. కర్త ఎవరో తెలియదు. దస్తూరి చూస్తే పింఛను తీసుకుంటున్న తెలుగు సారుదిలాగా ఉంది. ఇంత చిన్న పనికి కందమేమిటని అడగరాదు. వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, క్రీ.శ. 945 ప్రాంతంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్ట మీద చెక్కించిన శాసనంలో తెలుగు కందాలున్నాయి. బండ మీద కందం నిలిచిన సీమలో ఫ్రిజ్ మీద నిలవదా?

మూలం

మైదా నేతను గలుపుచు
చాదుచు నొకగంటనుంచి చదరపు ముక్కల్
పాదుగ ఖీమా చీజును
లోదాచుచు వేచినంత లుక్మీ లయ్యెన్

ప్రతిపదార్థం

మైదా = మైదాపిండిని; నేతను = నేతితో; కలుపుచు = కలుపుతూ; చాదుచు = మర్దిస్తూ; ఒక గంటను = ఒక గంట కాలం; ఉంచి = పక్కకు పెట్టి; చదరపు ముక్కల్ = నాలుగు మూలల ముక్కలు (కోసి అని అధ్యాహారం); పాదుగ = పాదు చేసినట్లు; ఖీమా చీజును = ఖీమానూ చీజునూ; లోదాచుచు = లోపల దాస్తూ; వేచినంత = వేయించగానే; లుక్మీలు = లుక్మీలు; అయ్యెన్ = అయినవి.

లుక్మీలు అంటే లుక్మీలు అని రాస్తే పదో తరగతిలో మార్కులు పడతాయి గాని, ఆకలిగొన్నవాడికి చాలదు. హైదరాబాదు పెళ్లి దావత్‌లో బిర్యానీకి ముందు కబాబులతో జతగా వచ్చే నాలుగు మూలల, పొరలు విచ్చే, ఖీమా కూరిన వంటకం అది. ఉర్దూలో లుక్మా అంటే ముద్ద. సమోసాకు తోబుట్టువే గాని మూడు మూలల వేషం లేదు, ఆలుగడ్డ ఊసు లేదు. వేములవాడ రాజన్న గుడి ప్రాంగణంలోనే దర్గా ఉన్న సీమలో ఉర్దూ మాట కందం చివర కుదురుగా కూర్చుంటే ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు.

వ్యాఖ్య

నేతను. ఇక్కడ నేయి శబ్దానికి తృతీయార్థం. సిరిసిల్ల పక్షం వారు దీన్ని ఒప్పుకోరు. నేత అంటే నేత పనే, మైదాను నేయాలని కవి హృదయం అంటారు. 2017 నుంచి రాష్ట్రానికంతటికీ బతుకమ్మ చీరెలు నేసిన ఊరు, వాదం తేలిగ్గా వదలదు. తోసిపుచ్చడానికి నాకూ మనసు రాలేదు. ఎందుకంటే పొరలు రావాలంటే పిండిని పల్చగా ఒత్తి, పైన నెయ్యి రాసి, పొడిపిండి చల్లి, మడిచి, మళ్లీ ఒత్తి, మళ్లీ మడవాలి. పడుగు, పేక రెండూ ఉన్నట్టే. కనుక శ్లేష అందాం, ఇద్దరికీ పేచీ ఉండదు.

ఎంత నెయ్యి? కవి చెప్పలేదు, కందంలో చోటు లేదు. వదినె చెయ్యి చెప్పిన లెక్క పావుకిలో మైదాకు 50 గ్రాములు. పిండిలో నెయ్యి వేసి పొడిపొడిగా రాసిన తర్వాత గుప్పెట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విరగాలి. అప్పుడే రెండు చెంచాల పెరుగు, తడపడానికి చాలినన్ని నీళ్లు. పిండి కణాలకు నెయ్యి ముందే పట్టి ఉంటే, నీళ్లు పడ్డాక అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోలేవు. గుల్లదనమంతా ఆ పట్టు తప్పించడంలో ఉంది. నీళ్లు ముందు పోసి నెయ్యి వెనక పోస్తే చపాతీ అవుతుంది, దానికి వేరే పద్యం రాసుకోవాలి.

చాదుచు నొకగంటనుంచి. ఈ పద్యంలో మహాస్థలం ఇదే. గంట నుంచి చాదుతూ అని కొందరు, చాదుతూ గంటను ఉంచి అని కొందరు. మొదటి అర్థం నమ్మిన మా తమ్ముడు కోరుట్ల నుంచి ఫోన్ చేశాడు. "వదినె, గంట సంది పిసుకుతున్న, చేతులు గుంజుతున్నయ్, పిండి మాత్రం రబ్బరు లెక్కయితున్నది."

అవును, అవుతుంది. ఎంత మర్దిస్తే మైదాలోని జిగురు అంతగా బిగుస్తుంది. అప్పడాల కర్ర కింద ఒత్తబోతే వెనక్కి ముడుచుకుంటుంది. తడిబట్ట కప్పి గంటసేపు వదిలేస్తే ఆ బిగువు తనంతట తానే సడలుతుంది. అంటే పని చేయకపోవడమే ఇక్కడ పని. శాస్త్రప్రమాణం ఇది. శబ్దప్రమాణం తమ్ముడి నోటనే ఉంది. అతడు గంట నుంచి అనలేదు, గంట సంది అన్నాడు. చందుర్తి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎక్కడ అడిగినా కాలానికి సందియే గాని నుంచి రాదు. కనుక ఈ సీమ కవి వాడిన నుంచిలో ఉంచి తప్ప మరొకటి ఉండే వీలు లేదని సిద్ధాంతం. మల్లినాథుడు భారవికి ఘంటాపథం వేశాడు, మన పేచీ అంతా ఒక గంటలోనే తేలిపోయింది.

చదరపు ముక్కల్. గుండ్రంగా కోస్తే నడుమ పీలికలు మిగులుతాయి, వాటిని మళ్లీ పిసికి ఒత్తితే కట్టిన పొరలు చెడతాయి. నాలుగు మూలలుగా కోస్తే అంచుల్లో తప్ప మిగిలేది లేదు. మూడంగుళాల ముక్క చాలు. ఇంతకుమించి ఇక్కడ చెప్పవలసింది లేదు.

పాదుగ. చెట్టు మొదట్లో చుట్టూ గట్టు వేసి నడుమ నీళ్లు నిలిపేది పాదు. అంటే ఖీమా నడుమనే ఉండాలి, చుట్టూ వేలెడంత అంచు ఖాళీగా ఉండాలి అని ధ్వని. పద్యంలో నాకు నచ్చిన మాట ఇదే. ఒక్క ఉపమానంతో కవి కొలత, స్థానం, హెచ్చరిక మూడూ చెప్పేశాడు. చెప్పనిదల్లా ఇందులో నీళ్లు నిలవగూడదని. పావుకిలో ఖీమాను అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, గరంమసాలా, కొత్తిమీరతో వండి, అడుగున తడి చుక్క లేకుండా ఇంకించాలి. తడి మిగిలితే నూనెలో అదే ఆవిరై అంచును తన్ని బయటికి వస్తుంది. వేడి మీద కూరినా ముప్పే, పొరల్లోని నెయ్యి కరిగి పిండి సొమ్మసిల్లుతుంది. చల్లారాలి. చల్లారేదాకా ఖీమాను కాపలా కాయడం ఎట్లాగో ఏ వ్యాఖ్యాతా చెప్పలేదు. మా ఇంట్లో చల్లారేసరికి పావుకిలో పావుకిలోగా ఉండదు.

ఖీమా చీజును. ఇక్కడ పాఠాంతరం ఉంది. పాత రాతల్లో "పాదుగ ఖీమా నుల్లిని" అని ఉండేదని మా పెద్దమ్మ గట్టిగా అంటుంది. గణాలు చూస్తే రెండూ సరిపోతాయి. మరి చీజు ఎప్పుడు చొరబడింది? ప్రక్షిప్తాన్ని పట్టుకోవడానికి తాళపత్రాలు తిరగెయ్యనక్కరలేదు, అటక మీది డబ్బాలు చూస్తే చాలు. ఈ మూడు నాలుగు పట్టణాల చుట్టుపక్కల దుబాయ్‌కో, మస్కట్‌కో, సౌదీకో ఒకరన్నా పోని వాడకట్టు ఉండదు. సెలవు మీద వచ్చేవాళ్ల కార్టన్‌లో నిడో పాలపొడి, టాంగ్, తలనొప్పికి జిందా తిలిస్మాత్ చాలని ఇంటికి టైగర్ బామ్, వాటి నడుమ నీలిరంగు క్రాఫ్ట్ చీజు డబ్బా. అక్కడి రంజాన్ నెలలో ఇఫ్తార్ పందిళ్లలో మతం అడగకుండా కూలోళ్లకూ తిండి పెడతారు. అక్కడి సమోసా, అంటే సంబూసా, ఖీమాతోనూ ఉంటుంది, చీజుతోనూ ఉంటుంది. రెంటినీ ఒకే ముక్కలో కలిపిన చెయ్యి మాత్రం మనవాళ్లదేనని నా ఊహ.

ఇట్లా చూస్తే ఈ వంటకం ఇల్లు తిరిగి చూసుకుంటున్నట్టు ఉంటుంది. 1226లో బాగ్దాదులో రాసిన వంటల పుస్తకంలో సంబూసజ్ ఉంది. అంతకు చాలా ముందే, తొమ్మిదో శతాబ్దపు గాయకుడు ఇస్హాక్ అల్ మౌసిలీ దాన్ని ఎట్లా చేయాలో పద్యంలోనే చెప్పాడు, కాబట్టి ఫ్రిజ్ మీది కవికి పూర్వాచార్యులున్నారు. పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఢిల్లీలో తుగ్లక్ విందుల్లో ఖీమా, బాదం, పిస్తా, ఉల్లి కూరి నేతిలో వేయించిన సంబూసక్ తిన్నాడు. పడమటి నేలల నుంచి సుల్తానుల వెంట వచ్చినదానికి చీజు తొడిగినవాళ్లు తాపీ పట్టినవాళ్లు, డ్రైవర్లు, ఎడారిలో గొర్లు కాసినవాళ్లు.

ప్రక్షిప్తమైతే పరిహరించాలి గదా అని ఆక్షేపం. సమాధానం: పద్యం మళ్లీ చదవండి. మైదా ఉంది, నెయ్యి ఉంది, ఖీమా ఉంది. ఉప్పు లేదు. పాత పాఠంలో ఉల్లి ఉన్నా ఉప్పు లేదు. వంటపద్యానికి ఇంతకంటే మహాదోషం ఉండబోదు. చీజు వచ్చాకనే పద్యంలోకి ఉప్పు వచ్చింది, ఎందుకంటే డబ్బా చీజు ఉప్పగా ఉంటుంది. మూలంలోని దోషాన్ని ప్రక్షిప్తం దిద్దింది గనుక చీజు పాఠమే గ్రాహ్యం. ఈ కారణం చేతనే ఖీమాలో మామూలు కంటే ఉప్పు తగ్గించాలి, పిండిలో చిటికెడు చాలు. పెద్దమ్మ ఈ తర్కం విని, ఉప్పు వెయ్యాలని పద్యం చూసి తెలుసుకునేటోళ్లు వంటింట్లోకే రావద్దన్నది. ఆమె మతాన్ని ఇక్కడ పూర్వపక్షంగా నమోదు చేయడమైనది.

ఏ చీజు? డబ్బాదైనా, అముల్ క్యూబైనా, ప్రాసెస్ చేసినదే మేలు. పాలకొవ్వు, నీరు విడిపోకుండా అందులో కలిపే లవణాలు పట్టి ఉంచుతాయి, వేడికి మెత్తబడుతుందే గాని నెయ్యి కక్కదు. తురమొద్దు, పెసరగింజంత ముక్కలు కోసి ఖీమా కింద దాచాలి. లోదాచుచు అన్నాడు గాని పైన చల్లుచు అనలేదు. అంచులకు తడివేలు రాసి మడిచి, ఫోర్కు మొనతో నాలుగు వైపులా నొక్కాలి. ఎక్కడ చీమదూరే సందు మిగిలినా చీజు ఆ దారి కనిపెడుతుంది. ఆ తర్వాత మూకుట్లో జరిగేదాన్ని రౌద్రరసం కింద వేసుకోవాలి.

వేచినంత. వేచు ధాతువుకు వేయించడం, ఎదురుచూడడం రెండర్థాలు. ఇక్కడ రెండూ వివక్షితాలే. నూనెలో చిన్న పిండి ఉండ వేస్తే తాపీగా పైకి తేలాలి. ఎగిరి వచ్చిందంటే మంట ఎక్కువ, పైన ఎర్రబడి లోపల పచ్చిపిండి మిగులుతుంది. సన్న సెగ మీద తిప్పుతూ ఓపిక పట్టాలి. ఆ ఓపిక లేనివాడికి వేచు శబ్దం సగమే అర్థమైనట్టు.

జగిత్యాలలో ఓటీజీ కొన్న మేనకోడలు ఈ చోట "లోదాచుచు గాల్చినంత" అని దిద్దుకుంది. యతి చెడలేదు, గణం చెడలేదు. పైన పాలు పూసి 180 డిగ్రీల దగ్గర అరగంట లోపు కాలిస్తే లుక్మీ కాస్తా కూరు బిస్కట్టు అవుతుంది, కరకరలాడుతుంది, వేళ్లకు జిడ్డు అంటదు. జిడ్డు అంటని పాఠాన్ని ఈ వ్యాఖ్య సూత్రతః అంగీకరించజాలదు. రుచి బాగున్నదని మాత్రం రహస్యంగా ఒప్పుకుంటుంది.

విశేషం. సోమవారం రాజన్న వారం. ఆ దినం ఈ పద్యం పఠనీయమే గాని ఆచరణీయం కాదు. ఆదివారం పొద్దున కటికె దుకాణం ముందు వరసలో నిలబడినవాడు దీనికి ముఖ్యాధికారి.

అయ్యెన్. చివరికి వ్యాకరణం. కలుపుచు, చాదుచు, ఉంచి, దాచుచు అన్నీ అసమాపక క్రియలు. వాటికీ చివరి సమాపక క్రియకూ కర్త ఒకటే కావాలని నియమం. చివరి క్రియ అయ్యెన్. దాని కర్త లుక్మీలు. కాబట్టి వ్యాకరణం ప్రకారం లుక్మీలే మైదా కలిపినవి, లుక్మీలే గంటసేపు ఉంచినవి, లుక్మీలే తమలో ఖీమా దాచుకొని వేగినవి. ఎవరి చెయ్యీ పడలేదు. కవి ప్రమాదపడ్డాడని అనుకున్నాను గాని, అరుగు మీద చాయ్ తాగుతూ ప్లేటు కోసం చూసే మగవాళ్ల అభిప్రాయం మొదటి నుంచీ ఇదేనని తోచి, దీన్ని ఆర్షప్రయోగంగా సమర్థించాను.

రాసినంతవరకు వదినెకు చదివి వినిపించాను. అంతా విని, చీజు ఉప్పు గురించి నవ్వి, కర్త దగ్గర ఆగింది.

"గా కర్త ఎవరో దొరికిండా మరిదీ? దొరికితె జర మూకుడు తోమమను."