ఆకు ఓడిన దాఖలా లేదు

మా సత్యవేడు పొలం గట్ల మీద గడ్డి చామంతికి కొదవ లేదు. కొడవలి తెగితే అవ్వ నాలుగాకులు దూసి, అరచేతిలో నలిపి, పసరు పిండేది. ఎల్ల దాటి ఊత్తుకోట పక్కకు పోతే అరవవాళ్లు దాన్ని 'వెట్టుక్కాయ పూండు' అంటారు. కోతగాయం పేరే మొక్కకు పెట్టేశారు.

ఇప్పుడా పసరుకు 'శాస్త్రీయ నిరూపణ' పట్టం కట్టాలని ఫార్మసీ కళాశాలలకు పూనకం వచ్చింది. తంతు ఎక్కడైనా ఒకటే. ఆకును నీడన ఆరబెట్టి, పొడి చేసి, సాక్స్‌లెట్‌లో మిథనాల్‌తో సారం దించుతారు. ఆ జిగురును ఐదు శాతం, పది శాతం లెక్కన ఆయింట్‌మెంట్‌లో కలుపుతారు. (మా అవ్వకు సారా వాసనే గిట్టదు, మిథనాల్ ఎక్కడిది?) గుంపుకు ఆరేసి విస్టార్ ఎలుకలు. వీపు గొరిగి, తోలు కోసి, గాయాన్ని కొలుస్తూ కూర్చుంటారు. రెండు మూడు వారాల్లో మూసుకుంటుంది. 'సంప్రదాయ వాడకం రుజువైంది' అన్న చివరి వాక్యాన్ని ఎలుకలు రాకముందే టైపు చేసి పెట్టుకుంటారని నా అనుమానం.

ఎలుక తోలు వదులు. దాని కింద పల్చటి కండపొర ఒకటుంది. సంచి మూతికి తాడు బిగించినట్టు అది గాయం అంచుల్ని దగ్గరికి లాగేస్తుంది. మందు పూయని ఎలుకకూ గాయం మానేది అందుకే. మనిషికి ఆ వసతి తక్కువ, కొత్త కండ పూడుకుంటూ రావాలి. షుగరుతో అరికాలు పుండై నెలల తరబడి మంచాన పడ్డవాడి దాకా ఈ ఆయింట్‌మెంట్ డబ్బా రానే రాదు. అక్కడికొస్తే ఓడిపోవచ్చు మరి.

పైగా ఆ పరిశోధన పత్రాల ముందుమాటలో రుషులు! గడ్డి చామంతి పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అక్కడ దిగకముందు ఏ ఆశ్రమం పెరట్లో మొలిచిందో వాళ్లే చెప్పాలి. పసుపుతో గాయం మాన్పడం తమ ఘనతేనని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం 1995లో అమెరికా పేటెంటు పుచ్చుకుంటే, ఇందులో కొత్తేముందని పాత గ్రంథాలు ముందేసి 1997లో రద్దు చేయించింది మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆరే. ఇక్కడేమో తెలిసిన ఆకునే మళ్లీ మళ్లీ 'తొలిసారిగా' కనిపెడుతున్నాం.

ఒకసారి తుప్పు కొడవలి నా మడమ కోసింది. అవ్వ పసరు పిండి, పాతచీర పేలిక కట్టి, వీపు మీద ఒకటేసింది: "ఇంకా ఏం చూస్తా ఉండావురా? ఆస్పత్రికి పొయ్యి ధనుర్వాతం సూదేయించుకోని రాపో!"